హ్యాజ్ మెనీ వెనక ఉన్న పాత గొడవ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క లైన్ గురించే. రూబీ ఆన్ రైల్స్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు మొదటి వారంలోనే రాసే లైన్ అది. కస్టమర్ అనే క్లాస్‌లో ‘హ్యాజ్ మెనీ ఆర్డర్స్’ అని రాస్తారు. ఆర్డర్ అనే క్లాస్‌లో ‘బిలాంగ్స్ టు కస్టమర్’ అని రాస్తారు. అయిపోయింది. ఆ తర్వాత ‘రవి డాట్ ఆర్డర్స్’ అంటే చాలు, రవి పెట్టిన ఆర్డర్లన్నీ వచ్చి ముందు నిలబడతాయి. వీడియోలో కోడ్ స్క్రీన్ మీద ఉంది, ఇక్కడ చదివేవాళ్ల కోసం మాటల్లోనే చెప్పుకుంటూ వెళ్తాను.

నాకు మెసేజ్‌లు పెట్టేవాళ్లలో చాలామంది వీటిని ఇంటర్వ్యూ కోసం బట్టీ పడుతున్నారు. రైల్స్ గైడ్‌లో అసోసియేషన్లు 6 రకాలు ఉంటాయి. ఆ ఆరింటినీ నోట్‌బుక్‌లో రాసుకుని, ఏది వన్ టు వన్, ఏది వన్ టు మెనీ అని అప్పజెప్పేస్తారు. తప్పేం లేదు. కానీ ‘సరే, ఫారిన్ కీ ఏ టేబుల్లో ఉంటుంది?’ అని అవతలివాళ్లు అడగ్గానే గొంతు తడారిపోతుంది. ఎందుకంటే ఆ లైన్ చదివితే ఆర్డర్లన్నీ కస్టమర్ జేబులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి కస్టమర్ల టేబుల్లో ఆర్డర్ల గురించి ఒక్క అక్షరం కూడా ఉండదు. ఉండేదంతా ఆర్డర్ల టేబుల్లోనే, కస్టమర్ ఐడీ అనే చిన్న కాలమ్‌లో.

మరి లైన్ ఒకచోట, విషయం ఇంకోచోట ఎందుకున్నాయి? దీనికి జవాబు రైల్స్‌లో దొరకదు. రెండు డేటా మధ్య సంబంధం అసలు ఎక్కడ నివసించాలి అనే ప్రశ్న మీద మనం పుట్టకముందే ఇద్దరు పెద్దవాళ్లు పోట్లాడుకున్నారు. ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డు వచ్చింది. హ్యాజ్ మెనీ అనేది ఆ ఇద్దరి మధ్యా కుదిరిన రాజీ అని నా ఉద్దేశం. రాజీ కాబట్టే అందులో చిక్కులూ ఉన్నాయి.

1960ల మొదట్లోకి వెళ్దాం. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చార్లెస్ బాక్‌మన్ అనే ఇంజినీర్ ఉండేవారు. ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ లేదు. అంతకుముందు డౌ కెమికల్‌లో పనిచేశారు. ఫ్యాక్టరీల్లో సరుకు లెక్కలు, ఆర్డర్లు, విడిభాగాలు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని దగ్గర్నుంచి చూసిన మనిషి. అప్పుడే డిస్క్‌లు వస్తున్నాయి. టేప్ అయితే మొదటినుంచి చివరిదాకా తిప్పుకుంటూ పోవాలి, డిస్క్‌లో కావాల్సిన చోటికి నేరుగా దూకొచ్చు. బాక్‌మన్ ఆ దూకడాన్నే పట్టుకున్నారు. ఆయన తయారుచేసిన సిస్టమ్ పేరు ఇంటిగ్రేటెడ్ డేటా స్టోర్, పొట్టిగా ఐడీఎస్.

అందులో కస్టమర్ రికార్డు నుంచి మొదటి ఆర్డర్‌కి ఒక పాయింటర్, ఆ ఆర్డర్ నుంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి, ఇలా గొలుసు. ఇంజిన్ వెనక బోగీలు తగిలించినట్టు అనుకోండి. తర్వాత కోడసిల్ అనే కమిటీ ఇదే పద్ధతికి ప్రమాణాలు రాసినప్పుడు ముందున్నదాన్ని ఓనర్ అంది, వెనక తగిలినవాటిని మెంబర్లు అంది. ప్రోగ్రామర్ చేసే పని ఏంటంటే, గొలుసులో మొదటిది పట్టుకో, తర్వాతదానికి వెళ్లు, మళ్లీ ఓనర్ దగ్గరికి రా. ఓనర్, మెంబర్లు. వినగానే ఏదో గుర్తొస్తోంది కదా? ఆ గుర్తొచ్చినదాన్ని కాసేపు పక్కన పెట్టండి.

1973లో బాక్‌మన్‌కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి పెట్టిన పేరు ‘ద ప్రోగ్రామర్ యాజ్ నావిగేటర్’. అంటే ప్రోగ్రామర్ ఓడ నడిపేవాడన్నమాట. ఇన్నాళ్లూ కంప్యూటర్ మధ్యలో ఉంటే డేటా దాని చుట్టూ తిరిగింది, ఇకమీదట డేటా మధ్యలో ఉంటుంది, ప్రోగ్రామర్ అందులో దారి వెతుక్కుంటూ తిరుగుతాడు, ఇది కోపర్నికస్ తెచ్చినలాంటి మార్పు అని ఆయన వాదన. బాగుంది. కానీ దారి వెతుక్కోవాలంటే దారి తెలిసుండాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఆ చిక్కుని మూడేళ్ల ముందే ఒకాయన కాగితం మీద పెట్టేశారు. ఎడ్గార్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ పైలట్, గణితం చదివిన మనిషి, అప్పటికి కాలిఫోర్నియాలో శాన్ హొసే ఐబీఎం ల్యాబ్‌లో పనిచేస్తున్నారు. 1970 జూన్‌లో ఆయన పేపర్ వచ్చింది. అందులో నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. విడిభాగాలు ఉన్నాయి, ప్రాజెక్టులు ఉన్నాయి, ఏ ప్రాజెక్టుకి ఏ భాగం ఎన్ని కేటాయించాం అనే లెక్క ఉంది. ఇంత చిన్న డేటానే ఎన్ని రకాలుగా పేర్చొచ్చో చూడండి అంటారు. భాగాల కింద ప్రాజెక్టులు పెట్టొచ్చు. ప్రాజెక్టుల కింద భాగాలు పెట్టొచ్చు. రెండూ సమానంగా పెట్టి కేటాయింపుని ఒకదాని కింద వేలాడదీయొచ్చు. ఇలా 5 రకాలు చూపించి, ఒక మామూలు ప్రశ్న అడుగుతారు. ఫలానా ప్రాజెక్టుకి ఏయే భాగాలు ఎన్నెన్ని కేటాయించామో ప్రింట్ చెయ్యాలి. ఒక పేర్పుని నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్ ఇంకో పేర్పు మీద పనిచెయ్యదు. అంటే రేపు ఎవరైనా డేటా పేర్పు మారిస్తే, నిన్నటిదాకా బాగా నడిచిన ప్రోగ్రామ్‌లన్నీ పడిపోతాయి. పేర్పు ఎవరు మార్చారో కూడా ప్రోగ్రామర్‌కి తెలియకపోవచ్చు.

కాడ్ చెప్పిన విరుగుడు చాలా సింపుల్. పాయింటర్లు తీసేయండి. గొలుసులు వద్దు. అన్నీ టేబుళ్లే. సంబంధం కావాలంటే ఒక టేబుల్లోని విలువ ఇంకో టేబుల్లోని ప్రైమరీ కీ విలువతో సరిపోవాలి, అంతే. ‘ఫారిన్ కీ’ అనే మాట కూడా ఆ 1970 పేపర్లోనే ఉంది. ఆర్డర్ రోలో 7 అని రాసి ఉంది, కస్టమర్ల టేబుల్లో 7వ నంబర్ రవి, కాబట్టి ఆ ఆర్డర్ రవిది. ఇది దారి కాదు, ఒక నిజం. రవి నుంచి ఆర్డర్లకి వెళ్లొచ్చు, ఆర్డర్ల నుంచి రవికీ రావొచ్చు, మూడో టేబుల్ నుంచి రెండింటినీ కలుపుకోవచ్చు. ఎటువైపు నుంచి వస్తారో ముందే తేల్చుకోవాల్సిన పని లేదు.

మధ్యలో ఒక చిన్న మాట. రిలేషనల్ డేటాబేస్ అంటే టేబుళ్ల మధ్య రిలేషన్లు ఉన్న డేటాబేస్ అని కోచింగ్ సెంటర్లలో చెబుతుంటారు. కాదు. గణితంలో రిలేషన్ అంటే కొన్ని విలువల వరుసల సమితి. అంటే టేబులే రిలేషన్. టేబుళ్ల మధ్య ఉండేదాన్ని వేరే మాటతో చెప్పుకోవాలి. ఆ వేరే మాటకి బొమ్మ గీసింది పీటర్ చెన్, 1976లో ఎంటిటీ రిలేషన్‌షిప్ మోడల్‌తో. బీటెక్ డీబీఎంఎస్ పేపర్లో పెట్టెలూ డైమండ్లూ గీశాం కదా, అవే.

1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో కాడ్, బాక్‌మన్ ఒకే వేదిక మీద వాదించుకున్నారు. ఒకవైపు, మీ టేబుళ్లు కాగితం మీద అందంగా ఉన్నాయి గానీ నిజం మెషీన్ మీద వేగంగా నడవవు అనేవాళ్లు. ఇంకోవైపు, మీ గొలుసుల్లో తిరగడం నిపుణులకే చేతనవుతుంది, మామూలు మనిషి ప్రశ్న కూడా అడగలేడు అనేవాళ్లు. ఐబీఎం పరిస్థితి ఇంకా తమాషా. కాడ్ వాళ్ల ఉద్యోగే, కానీ ఐబీఎం అమ్ముకుంటున్నది ఐఎంఎస్ అనే వేరే సరుకు. అపోలో ప్రాజెక్టు విడిభాగాల లెక్క కోసం పుట్టిన చెట్టు ఆకారపు డేటాబేస్ అది. బాగా నడుస్తున్న షాపులో కొత్త సరుకు పెట్టమంటే ఏ ఓనర్ తొందరపడతాడు? 1979లో ఒరాకిల్ ముందు మార్కెట్లోకి వచ్చేసింది. ఐబీఎం డీబీ2 వచ్చేసరికి 1983. కాడ్‌కి ట్యూరింగ్ అవార్డు 1981లో వచ్చింది. మొత్తానికి టేబుళ్లు గెలిచాయి. ఇప్పుడు మీ ఫోన్‌లో చాలా యాప్‌ల లోపల కూడా ఎస్‌క్యూలైట్ అనే చిన్న రిలేషనల్ డేటాబేస్ నడుస్తూ ఉంటుంది.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ ప్రోగ్రామ్ రాసే భాషలు వేరే దారి పట్టాయి. స్మాల్‌టాక్, సీ ప్లస్ ప్లస్, జావా, అన్నీ ఆబ్జెక్టులే. ఒక ఆబ్జెక్టు ఇంకో ఆబ్జెక్టుని పట్టుకుని ఉంటుంది. ఆ పట్టుకోవడం అంటే పాయింటరే. కస్టమర్ ఆబ్జెక్టు లోపల ఆర్డర్ల లిస్టు, ఒక్కో ఆర్డర్ లోపల ఐటమ్‌ల లిస్టు. డిస్క్ మీద ఓడిపోయిన బాక్‌మన్ మెమరీలో గెలిచాడన్నమాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనం రాసే కోడ్‌లో నావిగేట్ చేస్తాం, సేవ్ చేసేటప్పుడు మాత్రం టేబుళ్లలోకి విడగొడతాం.

ఈ రెండు లోకాల మధ్య వంతెనలు కట్టడం 1990ల్లోనే మొదలైంది. స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్ ఒకటి కట్టింది, టాప్‌లింక్ ఇంకోటి. 2001లో జావా కోసం హైబర్నేట్ వచ్చింది. పనిచేసేవి, కానీ ఏ క్లాస్ ఏ టేబుల్, ఏ ఫీల్డ్ ఏ కాలమ్ అని పొడుగాటి ఎక్స్ఎంఎల్ ఫైళ్లు రాసుకోవాలి. 2002లో మార్టిన్ ఫౌలర్ ఈ పద్ధతులన్నిటికీ పేర్లు పెట్టి ఒక పుస్తకం వేశారు. ఒక రో, ఒక ఆబ్జెక్టు, సేవ్ చేసుకోవడం కూడా ఆ ఆబ్జెక్టుకే తెలుసు అనే పద్ధతికి ఆయన వాడిన పేరు యాక్టివ్ రికార్డ్.

ఇప్పుడు రైల్స్. డేవిడ్ హైనమైయర్ హాన్సన్, డెన్మార్క్ కుర్రాడు, షికాగోలోని 37సిగ్నల్స్ కోసం బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్ రాశాడు. 2004 ఫిబ్రవరిలో బేస్‌క్యాంప్ వచ్చింది. దాంట్లోంచి మళ్లీ మళ్లీ పనికొచ్చే భాగాన్ని విడదీసి అదే ఏడాది జులైలో రైల్స్ పేరుతో అందరికీ ఇచ్చేశాడు. డేటాబేస్ భాగానికి ఫౌలర్ పుస్తకంలోని పేరే పెట్టాడు. ఎక్స్ఎంఎల్ ఫైళ్ల బదులు ఒక ఒప్పందం పెట్టాడు. క్లాస్ పేరు కస్టమర్ అయితే టేబుల్ పేరు కస్టమర్స్. ఆర్డర్ల టేబుల్లో కాలమ్ పేరు కస్టమర్, అండర్‌స్కోర్, ఐడీ. ఈ ఒప్పందం ఒప్పుకుంటే మీరు రాయాల్సింది ఒక్క లైనే.

ఆ లైన్ రూబీ కీవర్డ్ కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. రూబీలో క్లాస్ లోపల రాసిన కోడ్, ఆ క్లాస్ లోడ్ అవుతున్నప్పుడే నడుస్తుంది. హ్యాజ్ మెనీ అనేది ఒక మెథడ్ పేరు, ఆర్డర్స్ అనేది దానికి ఇచ్చిన ఆర్గ్యుమెంట్. ఆ మెథడ్ నడిచి, కస్టమర్ క్లాస్‌కి ఆర్డర్స్ లాంటి కొత్త మెథడ్లు పదికి పైగా తయారుచేసి పెడుతుంది. బ్రాకెట్లు పెట్టకపోయినా రూబీ ఊరుకుంటుంది కాబట్టి అది ఇంగ్లిష్ వాక్యంలాగా కనిపిస్తుంది. అంటే ఈ లైన్ డేటాబేస్‌లో ఏమీ మార్చదు. టేబుల్ కట్టదు, కాలమ్ పెట్టదు. అక్కడ కాలమ్ ఉందని నమ్మి, ఆ నమ్మకం మీద మెథడ్లు కడుతుంది. అంతే.

ఇంగ్లిష్ వాక్యం అన్నాను కదా, దాని సంగతి కూడా చెప్పాలి. ఏకవచనాన్ని బహువచనం చెయ్యడానికి రైల్స్ లోపల ఇంగ్లిష్ గ్రామర్ రూల్స్ ఉన్నాయి. పర్సన్ అంటే పీపుల్ అనీ, చైల్డ్ అంటే చిల్డ్రన్ అనీ దానికి తెలుసు. పాత వెర్షన్లలో కౌ అంటే కైన్ అని కూడా ఉండేది, ఇంగ్లిష్ వాళ్లే మర్చిపోయిన మాట! మన ‘గుర్రం’ ఇస్తే మాత్రం చివర ఎస్ తగిలించి గుర్రమ్స్ అంటుంది. గుర్రాలు అని మనమే విడిగా నేర్పాలి.

కానీ నాకు అంతకంటే సరదాగా అనిపించేది వేరే ఉంది. ‘రవి హ్యాజ్ త్రీ ఆర్డర్స్’ అనే వాక్యంలో క్రియ రవిని బట్టి ఉంటుంది. రవి బదులు మేము అంటే హ్యాజ్ కాస్తా హ్యావ్ అవుతుంది. తెలుగులో చెప్పండి. రవికి ఒక ఆర్డర్ ఉంది. రవికి మూడు ఆర్డర్లు ఉన్నాయి. క్రియ ఎవరిని బట్టి మారింది? ఆర్డర్లని బట్టి. రవి ఒక్కడైనా, పదిమందైనా క్రియకి పట్టదు. మనకి హ్యావ్ అనే క్రియే లేదు. ఉన్నది ఆర్డర్లు, అవి ఎవరికి అనేది ఒక చిన్న ‘కి’. డేటాబేస్ లోపల కూడా సరిగ్గా అంతే. ఆర్డర్ల రోలు ఉన్నాయి, ఒక్కోదాని మీద ఎవరికి అనే చిన్న చీటీ. ఫారిన్ కీ ఎక్కడుంటుందో మర్చిపోయినప్పుడు ఆ లైన్‌ని తెలుగులో అనుకోండి, జవాబు దొరుకుతుంది. బిలాంగ్స్ టు ఎవరు అన్నారో వాళ్ల దగ్గరే చీటీ ఉంటుంది.

సరే, పక్కన పెట్టిన విషయానికి వద్దాం. ఓనర్, మెంబర్లు. రవి డాట్ ఆర్డర్స్ డాట్ ఫస్ట్ డాట్ ఐటమ్స్ అని రాస్తున్నప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఓనర్ దగ్గర మొదలుపెట్టి, గొలుసులో మొదటిది పట్టుకుని, అక్కణ్నుంచి ఇంకో గొలుసులోకి దిగుతున్నాం. 1973 ఉపన్యాసంలోని నావిగేటర్ మనమే. కింద కాడ్ టేబుళ్లు, పైన బాక్‌మన్ ఓడ. రాయడానికి ఎంతో హాయిగా ఉంటుంది. బిల్లు తర్వాత వస్తుంది.

ఆ బిల్లు పేరు ఎన్ ప్లస్ వన్. ఒక పేజీలో 50 ఆర్డర్లు చూపించాలి, ఒక్కోదాని పక్కన కస్టమర్ పేరు. ఆర్డర్లు తేవడానికి 1 క్వెరీ. లూప్‌లో ప్రతి ఆర్డర్ దగ్గరా డాట్ కస్టమర్ అనగానే ఇంకో క్వెరీ. మొత్తం 51. మీ ల్యాప్‌టాప్‌లో 5 ఆర్డర్లే ఉంటాయి కాబట్టి ఏమీ తెలియదు, ప్రొడక్షన్‌లో పేజీ పాక్కుంటూ వస్తుంది. టేబుళ్లతో అయితే రెండు క్వెరీలతో అయిపోయే పని, ఆ రెండో క్వెరీ 50 ఐడీలు ఒకేసారి అడుగుతుంది. ఇన్‌క్లూడ్స్ అని ముందే చెబితే రైల్స్ చేసేది ఇదే, 2008లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి ఇలా విడి క్వెరీలుగా తెస్తోంది. ఈ జబ్బు రైల్స్‌తో పుట్టింది కాదు. ఫౌలర్ 2002 పుస్తకంలోనే దీని గురించి హెచ్చరించారు. ఇంటర్వ్యూలో దీన్ని రైల్స్ బగ్ అని చెప్పకండి. నావిగేట్ చేసే ప్రతి చోటా ఉండేదే.

మెనీ టు మెనీ సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదట్లో యూజర్లకీ గ్రూపులకీ మధ్య సంబంధం ఉంటే హ్యాజ్ అండ్ బిలాంగ్స్ టు మెనీ అని రాసేవాళ్లు. మధ్యలో రెండు ఐడీలున్న టేబుల్, దానికి మోడల్ లేదు, పేరు లేదు. ఎప్పుడు చేరాడు, అడ్మినా కాదా అని రాయాలంటే చోటు లేదు. 2006 మార్చిలో రైల్స్ 1.1తో హ్యాజ్ మెనీ త్రూ వచ్చింది. ఆ ఏడాదే షికాగోలో జరిగిన మొదటి రైల్స్‌కాన్ఫ్‌లో డేవిడ్ చెప్పింది ఏంటంటే, మధ్యలో ఉన్న సంబంధానికి మెంబర్‌షిప్ అని ఒక పేరు పెట్టండి, అప్పుడు అదీ ఒక మోడల్ అవుతుంది అని. సంబంధానికి సొంత వివరాలు ఉండొచ్చని పీటర్ చెన్ 1976లోనే గీసి చూపించారు. 4.1 వెర్షన్ వచ్చేసరికి పాత పద్ధతి కూడా లోపల హ్యాజ్ మెనీ త్రూ మీదే నడిచేలా తిరగరాశారు. కొత్త ప్రాజెక్టులో నేనైతే ఎప్పుడూ త్రూనే వాడతాను.

ఇప్పుడు అసలైన గొడవ. హ్యాజ్ మెనీ డేటాబేస్‌లో ఏమీ మార్చదన్నాను. మరి ఆర్డర్ రోలో కస్టమర్ ఐడీ 7 అని ఉండి, 7వ నంబర్ కస్టమర్ అసలు లేకపోతే? డేటాబేస్‌లో ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ పెడితే, అలాంటి రోని అది లోపలికి రానివ్వదు, ఆర్డర్లున్న కస్టమర్‌ని తీసెయ్యనివ్వదు. రైల్స్ మొదటి పదేళ్లూ దీన్ని పెట్టలేదు. మర్చిపోయి కాదు. తెలివంతా ఒక్క చోటే ఉండాలి, అది అప్లికేషన్‌లోనే ఉండాలి, డేటాబేస్ దాచిపెట్టే గది మాత్రమే అని 2005లో డేవిడ్ రాసేశాడు. ఆయన వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. బేస్‌క్యాంప్ డేటాబేస్‌ని ముట్టుకునేది బేస్‌క్యాంప్ ఒక్కటే. రూల్స్ రెండు చోట్ల రాస్తే ఏదో ఒక రోజు రెండూ తేడా కొడతాయి. పైగా అప్పట్లో చాలామంది వాడింది మైఎస్‌క్యూఎల్. దాని పాత డిఫాల్ట్ ఇంజిన్ మైఐశామ్. ఫారిన్ కీ అని మీరు రాస్తే చదివి, సరే అని, పట్టించుకోకుండా వదిలేసేది. ఎర్రర్ కూడా ఇచ్చేది కాదు. 2010లో వచ్చిన 5.5 వెర్షన్‌తోనే ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది.

న్యాయం ఉందన్నాను, కానీ నేను ఆయన వైపు లేను. ఎందుకో చెప్తాను. నేను ఉద్యోగం చేసిన ఒక కంపెనీలో డెలివరీ రైడర్లకి వారం వారం డబ్బులు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఉండేది. కొందరు రైడర్లకి పొరపాటున రెండేసి అకౌంట్లు ఉన్నాయి. వేరే టీమ్ వాళ్లు ఒకరోజు డూప్లికేట్లు శుభ్రం చేద్దామని రైల్స్ జోలికి రాకుండా నేరుగా ఎస్‌క్యూఎల్‌తో ఆ రోలు తీసేశారు. కన్‌స్ట్రెయింట్ లేదు, కాబట్టి డేటాబేస్ అడ్డుపడలేదు. రైల్స్ ద్వారా తియ్యలేదు, కాబట్టి డిపెండెంట్ డిస్ట్రాయ్ లాంటివి ఏవీ నడవలేదు. ఆ పోయిన ఐడీ మీద ఉన్న ట్రిప్పులు మాత్రం అలాగే మిగిలాయి, ఎవరివీ కాకుండా.

లెక్కగట్టే ప్రోగ్రామ్ ట్రిప్పుల్నీ రైడర్లనీ ఇన్నర్ జాయిన్ చేస్తుంది. ఇన్నర్ జాయిన్‌లో జత దొరకని రో చప్పుడు లేకుండా రాలిపోతుంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎర్ర అక్షరం లేదు. మొత్తం తక్కువ వచ్చింది, అంతే. మాకు తెలిసింది ఎలాగంటే, రైడర్లు ఆఫీసు కింద గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకాయన ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టుకుని, ‘అన్నా, ఈ రోజు నేను తిరిగానా లేదా, నువ్వే చూసి చెప్పు’ అని అడిగాడు. యాప్‌లో ఆయన తిరిగినట్టే ఉంది, డబ్బుల లెక్కలో లేదు. లెఫ్ట్ జాయిన్ పెట్టి, రైడర్ పక్కన ఖాళీ వచ్చిన రోలన్నీ బయటికి తీసి, ఏది ఎవరిదో ఫోన్ నంబర్లతో సరిచూసుకుంటూ కూర్చోవడానికి నాకూ ఇంకో అమ్మాయికీ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాళ్లు పెట్రోల్ అప్పుచేసి కొట్టించుకున్నారు.

అందుకే డేటాబేస్‌ని ఒక్క అప్లికేషనే ముట్టుకుంటుంది అనే మాట నేను నమ్మను. మొదటి ఏడాది నిజం అవుతుంది. తర్వాత రిపోర్టుల స్క్రిప్ట్ వస్తుంది, ఇంకో టీమ్ వస్తుంది, అర్ధరాత్రి కన్సోల్ తెరిచేవాళ్లు వస్తారు. అప్లికేషన్ లోపలి చెక్ కూడా పూర్తి కాపలా కాదు. కస్టమర్ ఉన్నాడా అని చూసిన క్షణానికీ ఆర్డర్ సేవ్ అయ్యే క్షణానికీ మధ్యలో ఇంకో ప్రాసెస్ ఆ కస్టమర్‌ని తీసెయ్యొచ్చు. ఆ సందుని మూయగలిగేది డేటాబేసే.

రైల్స్ కూడా నెమ్మదిగా ఇటువైపే వచ్చింది. 2014 డిసెంబర్‌లో వచ్చిన 4.2లో యాడ్ ఫారిన్ కీ అనే మెథడ్ రైల్స్‌లోనే చేరింది, అంతకుముందు దానికోసం బయటి జెమ్ పెట్టుకునేవాళ్లు. 2016లో వచ్చిన 5.0లో బిలాంగ్స్ టు అంటే ఓనర్ తప్పనిసరి అనేది కొత్త యాప్‌లకి డిఫాల్ట్ అయింది. వద్దనుకుంటే ఆప్షనల్ అని మీరే రాయాలి. చూడండి, బిలాంగ్స్ టు అనే మాటకి ఆ అర్థం రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 2020 డిసెంబర్‌లో 6.1తో స్ట్రిక్ట్ లోడింగ్ వచ్చింది. అది పెడితే ముందే తెచ్చుకోని అసోసియేషన్‌లోకి లూప్ మధ్యలో దిగితే రైల్స్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. నావిగేటర్‌కి స్పీడ్ బ్రేకర్ అన్నమాట.

తేలని ముడి ఒకటి మిగిలింది. పాలీమార్ఫిక్ అసోసియేషన్. ఇదీ 2006 నాటి 1.1తోనే వచ్చింది. ఒకే కామెంట్ ఫొటో మీదైనా ఉండొచ్చు, పోస్ట్ మీదైనా ఉండొచ్చు. అందుకని కామెంట్ రోలో ఐడీతోపాటు ఇది ఏ మోడల్‌ది అని క్లాస్ పేరు కూడా రాసి పెడతారు. రూబీ క్లాస్ పేరు డేటాబేస్ కాలమ్‌లో అక్షరాలుగా కూర్చుంటుంది. రేపు క్లాస్ పేరు మారిస్తే పాత రోలన్నీ లేని పేరు పట్టుకుని వేలాడతాయి. ఐడీ ఏ టేబుల్‌దో రో రోకీ మారుతుంది కాబట్టి మామూలు ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ దీనికి పెట్టలేం. కాడ్ చూసుంటే ఏమనేవారో! ఆయన 2003లో పోయారు, రైల్స్ రావడానికి ఏడాది ముందు. బాక్‌మన్ 2017 దాకా ఉన్నారు.

మీ దగ్గర రైల్స్ ప్రాజెక్ట్ ఏదైనా ఉంటే ఒక పని చెయ్యండి. డీబీ ఫోల్డర్‌లో స్కీమా ఫైల్ తెరవండి. ఐడీతో ముగిసే కాలమ్‌లన్నీ లెక్కపెట్టండి. ఫైల్ చివర యాడ్ ఫారిన్ కీ లైన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు నంబర్లూ కలవకపోతే, తేడాలో ఉన్న ఒక్కో కాలమ్ తీసుకుని ఆ టేబుల్‌ని ఓనర్ టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి, ఓనర్ దగ్గర ఖాళీ వచ్చిన రోలు ఎన్నో చూడండి. కాలమ్‌లోనే నల్ ఉన్నవి వేరు, అక్కడ నంబర్ ఉండి మనిషి లేనివే మనకి కావాలి. ఎన్ని దొరికాయో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పాలీమార్ఫిక్ బదులు 6.1లో వచ్చిన డెలిగేటెడ్ టైప్స్ తీసుకుందాం, ఆ రోల్ని అప్పుడు కలిపి చూద్దాం.